ఉచ్చైఃశ్రవం తోక: పందెపు పాత ఛాయాచిత్రాల పునరావిష్కరణ – పఠనపద్ధతి

వ్యాససంగ్రహం:

గుర్రప్పందేలు, మోటారు పందేలకు సంబంధించిన పాత ఛాయాచిత్రాలు ఇటీవలి దశాబ్దాల్లో స్టూడియోల గాజుపలకల నుంచీ, కుటుంబ ఆల్బముల నుంచీ తిరిగి వెలుగులోకి వస్తున్నాయి. దొరికిన చిత్రాన్ని గతానికి నేరుగా తెరుచుకున్న కిటికీగా భావించడం సాధారణ ధోరణి. ఆ భావన సరికాదనీ, పరుగును చిత్రించిన ఛాయాచిత్రం ప్రత్యక్షప్రమాణం కాదనీ, అది అనుమానానికి ఆధారమయ్యే లింగం మాత్రమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భారతంలోని కద్రూవినతల పందెం, మలక్‌పేట మైదానం, రాజా దీన్ దయాళ్ గాజుపలకలు, లార్టీగ్ కారు చిత్రం, అమెరికాలోని చిన్న ట్రాకుల చరిత్ర, హుస్సేన్‌సాగర్ తీరంలో 2023లో జరిగిన మోటారు పందెం ఇందులో ఉదాహరణలు. తెలుగు సాహిత్యంలో స్థిరపడిన గ్రంథపరిష్కరణ పద్ధతిని ఛాయాచిత్రాలకు అన్వయించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

ముఖ్యపదాలు: ఛాయాచిత్రం, పందెం, ప్రమాణం, శీర్షిక, పాఠాంతరం, ప్రక్షిప్తం, స్థానిక చరిత్ర, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:

చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటి తూర్పుగా సాగే దారి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ మీదుగా విజయవాడ జాతీయ రహదారిలో కలుస్తుంది. ఈ దారికి మొదట్లో మలక్‌పేట గుర్రప్పందేల మైదానం ఉంది. చివరికొస్తే మన్సూరాబాద్, వనస్థలిపురం పొరుగున ఒకనాటి నిజాముల వేటభూమి ఉంది. అదే నేటి మహావీర్ హరిణ వనస్థలి జాతీయోద్యానం. దానికి దగ్గరలోనే లారీలకూ బస్సులకూ మరమ్మతులు చేసే ఆటోనగర్ ఉంది. గుర్రం, జింక, మోటారు అనే మూడింటి పరుగులకూ ఈ తూర్పు హైదరాబాదు నేల స్థానమైంది. కానీ ఆ పరుగుల దృశ్యచరిత్రను గురించి తెలుగులో జరిగిన చర్చ చాలా తక్కువ.

అమెరికాలో మైలు కన్నా తక్కువ చుట్టుకొలత గల అండాకార బాటలపై జరిగే మోటారు పందేలను చిన్న ట్రాకు పందేలంటారు. ఆ ట్రాకుల్లో చాలావాటిని కూల్చి, వాటి స్థానంలో భవనాలు కట్టారు. వాటి జ్ఞాపకం ఎక్కువగా ఛాయాచిత్రాల్లోనే మిగిలింది. పాత పెట్టెల్లో దొరికిన చిత్రాలను ఒక్కొక్కటిగా గుర్తించి, ఏ కారు, ఏ చోదకుడు, ఏ సంవత్సరమని తేల్చుకోవడం అక్కడి అభిమానులకు ఒక వ్యాసంగం. హైదరాబాదుకు అటువంటి అండాకార ట్రాకు లేకపోయినా, ఆ వ్యాసంగం లేవనెత్తే ప్రశ్న ఇక్కడికీ వర్తిస్తుంది. మళ్లీ దొరికిన చిత్రం మనకు ఏమి చెబుతుంది? అది చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

2. కద్రూవినతల పందెం – చూపు, సాక్ష్యం:

ఈ ప్రశ్నకు తెలుగు పాఠకుడు బయటి సిద్ధాంతాలతో ప్రారంభించనక్కరలేదు. నన్నయ ఆదిపర్వంలో చెప్పిన కద్రూవినతల కథలో పందెం, గుర్రం, సాక్ష్యం మూడూ ఉన్నాయి. ఉచ్చైఃశ్రవాన్ని దూరం నుంచి చూసిన అక్కాచెల్లెళ్లలో వినత అది నిలువెల్లా తెల్లనిదంటుంది. కద్రువ తోక నల్లగా ఉందంటుంది. ఓడినవారు గెలిచినవారికి దాస్యం చేయాలని పందెం. మరునాడు వెళ్లి చూడాలని నిర్ణయం. ఈలోగా కద్రువ తన కొడుకులైన నాగులను పిలిచి తోకకు చుట్టుకొమ్మంటుంది. ఒప్పుకోనివారికి శాపం దక్కుతుంది. కర్కోటకుడు ఒప్పుకొని తోకను నల్లగా కనిపించేలా చేస్తాడు. మరునాడు వినత తన కళ్లతోనే నల్లని తోకను చూసి ఓడిపోతుంది.

ఈ కథలో మోసం చూపు లోపం వల్ల జరగలేదు. రెండోసారి వినత చూసినది నిజంగానే నల్లగా ఉంది. కంటికి కనిపించినది నిజమే గాని, దాని నుంచి ఆమె చేసిన నిర్ణయం తప్పు. కనిపించిన నలుపు తోకది కాదు, తోకకు చుట్టుకున్న పాముది. దృశ్యం నమ్మదగినదా అన్న ప్రశ్న కన్నా, ఆ దృశ్యం ఎలా ఏర్పడింది అన్న ప్రశ్న ముఖ్యమని ఈ కథ సూచిస్తుంది. పైగా ఈ పొరపాటుకు చెల్లించవలసి వచ్చిన మూల్యం దాస్యం. తప్పుగా చదివిన దృశ్యం ఒకరి స్వేచ్ఛను హరించగలదు. ఈ రెండు అంశాలూ ఛాయాచిత్ర పఠనానికి మూలసూత్రాలుగా స్వీకరించదగినవి.

న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. పాత ఛాయాచిత్రాన్ని చూసేవారు సాధారణంగా దాన్ని ప్రత్యక్షంగా భావిస్తారు. నిజానికి చూసేవారికి ప్రత్యక్షమైనది ఒక కాగితం లేదా గాజుపలక మాత్రమే. పందెం వారికి ప్రత్యక్షం కాదు. కాగితం మీది నలుపుతెలుపుల నుంచి పందేన్ని ఊహిస్తున్నారు. కొండమీది పొగను చూసి నిప్పును ఊహించడం వంటిదే ఇది. పొగకూ నిప్పుకూ గల వ్యాప్తి వంటింట్లో అందరికీ అనుభవసిద్ధం. కానీ కెమెరాకూ దృశ్యానికీ గల వ్యాప్తి అలా సహజంగా తెలిసేది కాదు. దాన్ని నేర్చుకోవాలి. వ్యాప్తి తెలియకుండా చేసిన అనుమానం హేత్వాభాసమవుతుంది. మంచుతెరను పొగగా భ్రమించి నిప్పు ఉందనుకోవడం వంటిదవుతుంది.

ఫ్రెంచి విమర్శకుడు రోలాండ్ బార్త్ 1980లో వెలువడిన తన గ్రంథంలో, చిత్రంలో ఉన్నది ఒకప్పుడు కెమెరా ఎదుట తప్పక ఉండి తీరిందన్న నిశ్చయమే ఛాయాచిత్ర స్వభావమని వాదించాడు. ఈ వాదం సగం వరకే సరిపోతుంది. ఏదో ఒకటి అక్కడ ఉందన్నది నిశ్చయమే. అది ఏది, ఎప్పటిది, దాని అర్థమేమిటి అన్న ప్రశ్నలకు ఆ నిశ్చయం వర్తించదు. వినత ఎదుట కూడా ఏదో ఒకటి ఉంది. అది పాము.

3. మలక్‌పేట మైదానం – దీన్ దయాళ్ గాజుపలకలు:

హైదరాబాదులో గుర్రప్పందేలు మొదట మౌలాలిలో జరిగేవి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో పందెపు మైదానాన్ని మలక్‌పేటకు మార్పించాడు. తన మహబూబ్ మాన్షన్‌కు అది దగ్గరగా ఉండాలన్నది ఆ మార్పుకు కారణంగా చెబుతారు. ఇంచుమించు అదే కాలంలో ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. 1844లో మీరట్ సమీపంలోని సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేసిన దీన్ దయాళ్, నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా బిరుదు పొందాడు. 1905లో మరణించాడు. రాజప్రాసాదాలు, దర్బారులు, సైనిక విన్యాసాలు, వేటలు, అతిథుల రాకపోకలు అతని స్టూడియో చిత్రించిన విషయాలు. ఆ విధంగా పందెపు మైదానమూ, ఛాయాచిత్ర స్టూడియో ఒకే పాలకుని ఆదరణలో ఎదిగాయి.

దీన్ దయాళ్ కృషి చాలాకాలం మరుగున పడింది. 1980లో క్లార్క్ వర్స్‌విక్ సంకలనం చేసిన గ్రంథం అంతర్జాతీయ పాఠకులకు అతన్ని తిరిగి పరిచయం చేసింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆ కుటుంబం నుంచి 2,857 గాజుపలకల నెగటివ్‌లను సేకరించింది. 2013లో దీపాలీ దేవన్, డెబొరా హటన్ రాసిన సమగ్ర పరిశోధనగ్రంథం వెలువడింది. ఈ మూడు ఘట్టాలనూ కలిపి పునరావిష్కరణ అనవచ్చు. మొదటిది చిత్రాలను చూపింది, రెండోది భద్రపరిచింది, మూడోది చదివింది. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. మన దగ్గర పునరావిష్కరణ తరచుగా మొదటిదానితోనే ఆగిపోతుంది.

దీన్ దయాళ్ వేటచిత్రాల్లో ప్రసిద్ధమైనది 1902 ఏప్రిల్‌లో వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ దగ్గర తీసిన చిత్రం. వైస్రాయి లార్డ్ కర్జన్, ఆయన భార్య, వారి ముందు చచ్చిపడిన పులి అందులో కనిపిస్తారు. వేట అంటే పరుగు, అరుపులు, పొదల కదలిక, భయం. చిత్రంలో వాటి జాడ లేదు. ఉన్నది వేట ముగిసిన తరువాతి నిశ్చలత. నాటి పరికరాలతో అడవి నీడలో పరుగును చిత్రించడం కష్టమన్నది ఒక కారణం. నిశ్చలతే అధికారానికి తగిన భంగిమ అన్నది మరొక కారణం. పులిని తోలుకొచ్చినవారి శ్రమ చిత్రానికి విషయం కాలేదు. వైస్రాయి పేరు శీర్షికకు ఎక్కింది, అడవిలో డప్పు కొట్టినవాని పేరు ఎక్కలేదు.

ఈ లక్షణం రాజాస్థానాలకే పరిమితం కాదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఒంగోలు జాతి ఎడ్లతో జరిగే బండలాగుడు పోటీల చిత్రాల్లోనూ ఇదే కనిపిస్తుంది. పూలదండలు వేసిన ఎడ్ల జత, పక్కన యజమాని, చేతిలో షీల్డు, కింద యజమాని పేరు, ఊరి పేరు. ఎడ్లను మేపి, తర్ఫీదిచ్చిన పాలేరు చిత్రం అంచున సగం కనిపిస్తాడు, లేదా అసలు కనిపించడు. పందెం ఛాయాచిత్రమని మనం పిలిచేది చాలాసార్లు పందెం తరువాతి ఛాయాచిత్రం. గెలుపును ఎవరి పేర జమకట్టాలో చెప్పే దస్తావేజు. ఈ భేదాన్ని గుర్తించకుండా దాన్ని పోటీకి సాక్ష్యంగా తీసుకోవడం మొదటి పొరపాటు.

4. పరుగును ఆపిన కెమెరా:

పరుగును పరుగుగా చిత్రించే ప్రయత్నం కూడా పందెపు మైదానంలోనే మొదలైంది. 1878 జూన్‌లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ బాట వెంట 12 కెమెరాలను వరుసగా నిలిపి, గుర్రం తగిలినప్పుడు తీగ తెగి కెమెరా పనిచేసేలా ఏర్పాటు చేశాడు. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ ఒక క్షణం నేలను వదులుతాయని ఆ చిత్రాలు నిరూపించాయి. అయితే ఆ క్షణంలో కాళ్లు ముందుకూ వెనక్కూ చాచి లేవు, పొట్ట కిందికి ముడుచుకొని ఉన్నాయి. 1821లో జెరికో ఎప్సమ్ గుర్రప్పందేన్ని చిత్రించినప్పుడు కాళ్లు చాచి గాలిలో తేలే గుర్రాలను వేశాడు. కంటికి అలాగే తోచేది. ఇక్కడ కెమెరా కంటిని సరిదిద్దింది.

ఆ ప్రయోగాన్ని చేయించిన లీలండ్ స్టాన్‌ఫర్డ్ పెద్ద మొత్తం పందెం కాశాడన్న కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. దానికి సమకాలీన ఆధారం లేదు. చిత్రం నిజమే, దాని చుట్టూ అల్లుకున్న కథ నిరాధారం. చిత్రం విశ్వసనీయత కథకు అంటుకోవడం ఎంత సులభమో దీనివల్ల తెలుస్తుంది.

కెమెరా కంటిని సరిదిద్దిన ఉదాహరణ అది. కెమెరాయే కంటిని తప్పుదారి పట్టించిన ఉదాహరణ ఫ్రాన్సులో ఉంది. బాలుడిగా ఉన్నప్పటి నుంచే కెమెరా పట్టిన జాక్ ఆన్రి లార్టీగ్, ఫ్రెంచి గ్రాండ్ ప్రి పందెంలో దూసుకుపోతున్న ఒక కారును చిత్రించాడు. అందులో కారు చక్రం గుండ్రంగా లేదు, ముందుకు వాలిన కోడిగుడ్డులా ఉంది. వెనక నిలబడిన ప్రేక్షకులూ స్తంభాలూ కారుకు ఎదురుదిశలో వాలిపోయి ఉన్నారు. కారు సగమే చట్రంలో ఇమిడింది. వేగమంటే ఇదే అనిపించే చిత్రం. కానీ ఆ వాలు వేగం వల్ల మాత్రమే వచ్చినది కాదు. ఆ కెమెరా షట్టరులో సన్నని చీలిక పలక మీదుగా ప్రయాణిస్తుంది. పలకలోని అన్ని భాగాలూ ఒకే క్షణంలో వెలుగును గ్రహించవు. ఆ స్వల్పవ్యవధిలో కారు ముందుకు జరిగింది. లార్టీగ్ కారు వెంట కెమెరాను తిప్పాడు, కానీ కారంత వేగంగా తిప్పలేకపోయాడు. అందువల్ల కారు ఒకవైపు, మనుషులు మరోవైపు వాలారు.

కాబట్టి ఆ చిత్రం ఒక క్షణానిది కాదు. అనేక క్షణాలను ఒకదాని కింద ఒకటి పేర్చిన పట్టిక. 1930ల నుంచి గుర్రప్పందేల్లో విజేతను నిర్ణయించడానికి వాడుతున్న ఫోటో ఫినిష్ కెమెరా ఇదే సూత్రాన్ని ఉద్దేశపూర్వకంగా వాడుతుంది. ఆ చిత్రంలో ఎడమ నుంచి కుడికి కనిపించేది స్థలం కాదు, కాలం. ముగింపు గీత అనే ఒకే చోటును ఒక్కో గుర్రం ఎప్పుడు దాటిందో అది నమోదు చేస్తుంది. ఈ వ్యాప్తి తెలియనివారు రెండు గుర్రాల మధ్య దూరాన్ని మూరల్లో కొలుస్తారు. తెలిసినవారు క్షణాల్లో కొలుస్తారు.

లార్టీగ్ చిత్రం శీర్షిక సంగతి కూడా గమనించదగినది. చాలాకాలం అది 1912 నాటి పందెమనీ, అందులోనిది డెలాజ్ కారనీ అచ్చయింది. తరువాత పరిశోధకులు కారు మీది 6 అన్న అంకెను నాటి పోటీదారుల జాబితాతో సరిచూసి, అది 1913 నాటి పందెమనీ, ష్నైడర్ కారనీ గుర్తించారు. చిత్రం తీసినవాని జ్ఞాపకం, చిత్రం కింద రాసిన మాట రెండూ శబ్దప్రమాణాలే. ఆప్తవాక్యమైనా సరిచూడక తప్పదు. ఇక్కడ చిత్రంలోని ఒక చిన్న అంకె, చిత్రకారుని మాటను దిద్దింది.

లార్టీగ్‌కు గుర్తింపు 1963లో న్యూయార్క్ ఆధునిక కళాసంగ్రహాలయంలో జాన్ సార్కోవ్‌స్కీ ఏర్పాటు చేసిన ప్రదర్శనతో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 69. పునరావిష్కరణ అంటే కేవలం పోయినది దొరకడం కాదు. ఒకనాటి లోపాన్ని మరొక కాలపు అభిరుచి గుణంగా చూడడం కూడా అందులో భాగం. ఈ రెండింటినీ వేరు చేసి చూడగలగడం విమర్శకుని పని.

5. చిన్న ట్రాకులు – చట్రంలో లేని విజేత:

అమెరికాలో 1948లో నాస్కార్ సంస్థ ఏర్పడకముందే చిన్న ట్రాకు పందేలు పట్టణాల వారాంతపు వినోదంగా స్థిరపడ్డాయి. లాస్ ఏంజిలిస్‌లో 1934లో ప్రారంభమైన గిల్మోర్ స్టేడియం పావుమైలు ట్రాకుపై చిన్న కార్ల పందేలకు పేరుపొందింది. 1950ల తొలినాళ్లలో దాన్ని కూల్చారు. ఇప్పుడు అక్కడ టెలివిజన్ స్టూడియో ఉంది. ఉత్తర కరోలినాలోని బౌమన్ గ్రే స్టేడియంలో మాత్రం 1949 నుంచి నేటికీ ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఉన్న పావుమైలు బాటపై పందేలు సాగుతున్నాయి. ట్రాకు పోయినచోట చిత్రమే స్థలపురాణం. ట్రాకు మిగిలినచోట చిత్రం పోలికకు పనికివచ్చే కొలబద్ద.

ఈ చిత్రాల పునరావిష్కరణలో గతంపై మోజు ఎక్కువ పాలు. పాత కార్ల ఆకారాలు, చేతిరాత అంకెలు, దుమ్ము, చెక్కబల్లల మీది జనం చూసినవారికి ఆహ్లాదం కలిగిస్తాయి. ఆ ఆహ్లాదానికి ఒక ప్రశ్న వేయక తప్పదు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అరమైలు మట్టి ట్రాకుపై జరిగిన నాస్కార్ పందెంలో నల్లజాతి చోదకుడు వెండెల్ స్కాట్ అందరికన్నా ముందు నిలిచాడు. కానీ విజేతగా ప్రకటించినది తెల్లజాతి చోదకుడు బక్ బేకర్‌ను. విజయవేదికపై నిలిచినదీ, ట్రోఫీ అందుకున్నదీ అతడే. ప్రేక్షకులు వెళ్లిపోయిన కొన్ని గంటల తరువాత లెక్కలో పొరపాటు జరిగిందని ఒప్పుకొని స్కాట్‌ను విజేతగా నమోదు చేశారు. ట్రోఫీ మాత్రం ఇవ్వలేదు. స్కాట్ 1990లో మరణించాడు. నాస్కార్ అధికారికంగా ఆయన కుటుంబానికి ట్రోఫీ అందజేసినది 2021లో.

ఆ సాయంత్రం విజయవేదికను చిత్రించిన ఏ ఛాయాచిత్రమైనా మార్పులు చేర్పులు లేని సత్యమే. అందులోని మనిషి, ట్రోఫీ అక్కడ ఉన్నమాట నిజం. అయినా దాని అర్థం అబద్ధం. అబద్ధాన్ని తెలిపే ఆధారం చిత్రంలో లేదు, చిత్రం బయట ల్యాపుల లెక్కలో ఉంది. ఛాయాచిత్రాన్ని మార్చడం ఒక్కటే మోసం కాదనీ, కెమెరా ఎదుట ఎవరిని నిలబెట్టాలో నిర్ణయించే అధికారమే అసలు మోసానికి చోటనీ ఈ ఘటన స్పష్టం చేస్తుంది. కర్కోటకుడు గుర్రాన్ని మార్చలేదు, కనిపించేదాన్ని మార్చాడు.

ఈ ఉదాహరణ తెలుగు పాఠకునికి పరాయిది కాదు. గుర్రం కళ్లెం పట్టిన సైసు, పల్లకీ మోసిన బోయీ, ఎడ్లను నడిపిన పాలేరు మన పాత చిత్రాల్లో ఉంటారు. వారి పేర్లు ఉండవు. కులాధిపత్యం వేదికను నిర్ణయించిన సమాజంలో, వేదిక చిత్రాలను మాత్రమే పునరావిష్కరించి ప్రదర్శించడం ఆ ఆధిపత్యాన్ని మరొకసారి అచ్చువేయడమే. కాబట్టి దొరికిన చిత్రంతో పాటు దొరకని చిత్రాన్ని కూడా పరిశోధకుడు లెక్కలోకి తీసుకోవాలి. సాహిత్యచరిత్రలో లుప్తకృతులను పేర్కొనే సంప్రదాయం ఇప్పటికే ఉంది. దృశ్యచరిత్రకూ లుప్తచిత్రాల పట్టిక అవసరం.

6. శోలవరం నుంచి హుస్సేన్‌సాగర్ దాకా:

దక్షిణాదిలో మోటారు పందేలకు చిరకాలం కేంద్రమైనది మద్రాసుకు ఉత్తరాన, తెలుగునేలకు వెళ్లే దారిలో ఉన్న శోలవరం. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాల బాటను పందెపు ట్రాకుగా వాడుకున్నారు. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ పందేలు నిర్వహించింది. 1990 నుంచి శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఆ స్థానాన్ని తీసుకుంది. శోలవరం చిత్రాలను చూసేవారు కార్ల మీదే దృష్టి నిలుపుతారు. చరిత్రకారునికి మాత్రం కారు వెనకనున్న నేల కూడా ముఖ్యం. యుద్ధం కోసం పరిచిన కాంక్రీటు శాంతికాలంలో వినోదానికి ఉపయోగపడిన తీరు ఆ నేల మీద చదువుకోవచ్చు.

హైదరాబాదుకు అంతర్జాతీయ మోటారు పందెం 2023 ఫిబ్రవరి 11న వచ్చింది. సచివాలయం, ఎన్.టి.ఆర్. ఉద్యానం పరిసరాల్లో హుస్సేన్‌సాగర్ తీరాన 2.83 కిలోమీటర్ల వీథిబాటపై జరిగిన ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెంలో ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. భారతదేశంలో ఆ పోటీ జరగడం అదే మొదలు. 2024లో జరగవలసిన పందెం రద్దయింది. అడ్డుగోడలు, తాత్కాలిక గ్యాలరీలు తొలగించాక అది మళ్లీ మామూలు రోడ్డయింది. ఆ పందేనికి చిత్రాల కొరత లేదు. వేల చరవాణుల్లో అది నిక్షిప్తమై ఉంది. దీన్ దయాళ్ కాలంలో చిత్రం అరుదు, పలక బరువు. నేడు చిత్రం సమృద్ధి, నిల్వ అస్థిరం. గాజుపలక పగిలితే ముక్కలైనా మిగులుతాయి. చరవాణి మారినప్పుడు చెరిగిపోయిన చిత్రానికి ముక్క కూడా మిగలదు. రాబోయే కాలంలో పునరావిష్కరణ కష్టమయ్యేది చిత్రాలు లేనందువల్ల కాదు, ఉన్నవాటికి పేరు, తేదీ, స్థలం లేనందువల్ల.

మన్సూరాబాద్ వంటి ప్రాంతానికి ఈ అంశం మరింత కీలకం. ఒకనాటి గ్రామం కాలనీలుగా విస్తరించింది. ఎల్.బి.నగర్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాదులో విలీనమైంది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ల మీదుగా ఎల్.బి.నగర్ వరకు వచ్చింది. ఈ మార్పులకు ముందున్న పొలం గట్లు, బావులు, బండరాళ్లు, చెరువుకట్టలు ఎవరూ ప్రత్యేకంగా చిత్రించినవి కావు. కొత్త స్కూటరు పక్కన నిలబడి తీయించుకున్న చిత్రంలో, లారీకి పూజ చేసిన చిత్రంలో, బడి ఆటలపోటీల పరుగుపందెం చిత్రంలో అవి వెనక ఎక్కడో మిగిలి ఉంటాయి. తీసినవాని ఉద్దేశానికి అతీతంగా కెమెరా గ్రహించిన అంశమే స్థానిక చరిత్రకు ప్రధానమవుతుంది. కంటికి అందని దృశ్యపు అచేతనాన్ని కెమెరా బయటపెడుతుందని వాల్టర్ బెంజమిన్ 1931లో చేసిన ప్రతిపాదనను ఇక్కడ ఇలా విస్తరించుకోవచ్చు. పందెం చిత్రంలో గెలిచినవాని కన్నా వెనకనున్న నేలే ఎక్కువ మాట్లాడుతుంది.

7. పరిష్కరణ పద్ధతి అన్వయం:

తెలుగు పరిశోధనకు గ్రంథపరిష్కరణలో దీర్ఘానుభవం ఉంది. సి.పి. బ్రౌన్ పండితులను నియమించి తాళపత్రప్రతులను సేకరించి, సరిపోల్చి, శుద్ధప్రతులు తయారుచేయించిన కాలం నుంచి ఆ పద్ధతి క్రమంగా స్థిరపడింది. దాన్ని ఛాయాచిత్రాలకు ఈ విధంగా అన్వయించవచ్చు.

మొదటిది ప్రతి వివరణ. తాళపత్రం పొడవు, కమ్మల సంఖ్య, శైథిల్యం పేర్కొన్నట్లే చిత్రం గాజుపలకా, ఫిలిమా, కాగితమా, స్టూడియో ముద్ర ఉందా, వెనక రాత ఉందా నమోదు చేయాలి. చిత్రం వెనకనున్న రాత తాళపత్రం చివర లేఖకుడు రాసే ముగింపు వాక్యం వంటిది. చిత్రాన్ని స్కాన్ చేసి వెనకవైపు వదిలేయడం ముగింపు కమ్మను పారేయడంతో సమానం.

రెండవది పాఠాంతరాల సేకరణ. ఒకే నెగటివ్ నుంచి వేర్వేరు కాలాల్లో తీసిన ప్రతుల్లో అంచులు కత్తిరించి ఉండవచ్చు. కత్తిరించిన అంచులోనే సైసు, పాలేరు ఉండి ఉండవచ్చు. విస్తృతపాఠాన్ని ఆధారంగా తీసుకోవాలి.

మూడవది వ్యాప్తి నిర్ణయం. ఏ పరికరం, ఎంత వ్యవధి, ఏ షట్టరు అన్నది తెలిసినంతవరకు చెప్పాలి. లార్టీగ్ చక్రం విషయంలో జరిగినట్లు, పరికరధర్మాన్ని వస్తుధర్మంగా పొరబడే ప్రమాదం దీనితో తగ్గుతుంది.

నాలుగవది శబ్దపరీక్ష. శీర్షికను చిత్రంలోని అంకెలు, బోర్డులు, దుస్తులు, బయటి జాబితాలు, పత్రికలతో సరిచూడాలి. సరిపోనప్పుడు పాత శీర్షికను చెరిపివేయకుండా, అధోజ్ఞాపికలో నిలిపి, కొత్తది సూచించాలి.

ఐదవది ప్రక్షిప్త నిర్ణయం. నేడు కృత్రిమ మేధ సాయంతో పాత నలుపుతెలుపు చిత్రాలకు రంగులు అద్దుతున్నారు. మసకబారిన ముఖాలకు లేని కనుముక్కుతీరును కల్పిస్తున్నారు. ఆ చిత్రాలు అసలు ప్రతుల కన్నా వేగంగా వ్యాపిస్తున్నాయి. గుర్రం రంగు, జాకీ చొక్కా రంగు, చోదకుని ముఖం యంత్రం ఊహించినవైనప్పుడు అవి ప్రక్షిప్తాలే. వాటిని నిషేధించనక్కరలేదు. ప్రక్షిప్తపద్యానికి గుర్తు పెట్టినట్లు గుర్తు పెట్టాలి. గుర్తు లేని రంగు ఉచ్చైఃశ్రవం తోకకు చుట్టుకున్న పామే.

ఈ అన్వయానికి ఒక ఆక్షేపం రావచ్చు. కావ్యానికి కర్త ఉద్దేశించిన మూలపాఠం ఉంటుంది, ఛాయాచిత్రంలో కర్త ఉద్దేశించనివే ఎక్కువ, కాబట్టి పరిష్కరణ పోలిక పొసగదని అనవచ్చు. ఆక్షేపం సమంజసమే. అయితే పరిష్కర్త లక్ష్యం కర్త ఉద్దేశాన్ని వెలికితీయడం మాత్రమే కాదు, పాఠం ఏయే చేతుల మీదుగా వచ్చిందో చూపడం కూడా. ఛాయాచిత్రం విషయంలో ఈ రెండో ప్రయోజనమే ప్రధానం. ఉద్దేశం లేని అంశాలు ఎక్కువైనకొద్దీ, అవి చేతులు మారిన చరిత్రను నిర్ణయించే అవసరం పెరుగుతుందే గాని తగ్గదు.

8. ముగింపు:

పందెపు ఛాయాచిత్రం పరుగును నిలిపివేసిన వస్తువు. నిలిచిన దాన్ని చూసి పరుగును ఊహించడం పాఠకుని వంతు. ఆ ఊహకు ఆధారం చిత్రం ఒక్కటే కాదు. పరికరజ్ఞానం, శీర్షిక పరీక్ష, అంచుల పరిశీలన, చట్రంలో లేనివారి స్పృహ అన్నీ కలిస్తేనే అది ప్రమాణయోగ్యమవుతుంది. లార్టీగ్ చిత్రంలోని 6 అన్న అంకె ఒక తేదీని సరిదిద్దింది. జాక్సన్‌విల్ ల్యాపుల లెక్క ఒక మనిషికి దక్కవలసిన గెలుపును దక్కించింది. మొదటిదానికి చిత్రాన్ని నిశితంగా చూడటం సరిపోయింది. రెండోదానికి చిత్రాన్ని దాటి చూడవలసి వచ్చింది. పరిశోధకునికి ఈ రెండు నైపుణ్యాలూ కావాలి.

తెలుగుశాఖల పరిశోధనల్లో స్థానిక చరిత్రలు, కైఫీయతులు, శాసనాలు, మౌఖిక సాహిత్యం ఇప్పటికే చోటు సంపాదించుకున్నాయి. వాటి సరసన ఛాయాచిత్రానికీ చోటు కల్పించవలసిన సమయమిది. ఫిలిం కాలపు స్టూడియోలు మూతపడుతున్నకొద్దీ నెగటివ్‌లు చెత్తలోకి పోతున్నాయి. వాటిలోని మనుషులను గుర్తుపట్టగల పెద్దలు తరలిపోతున్నారు. చిత్రం దొరికినా పేరు చెప్పేవారు లేనప్పుడు, పరిశోధకుని ముందు మిగిలేది వినత ముందు మిగిలిన దృశ్యమే. విద్యార్థులు తమ ఊరి, తమ కాలనీ ఆల్బముల్లోని ఒక్కొక్క చిత్రానికి పేరు, ఊరు, సంవత్సరం, చెప్పినవారి వివరం రాసి పెట్టడం నేడు చేయగలిగిన పని. అందులో మొదట రాయవలసిన పేరు గుర్రం మీద కూర్చున్నవారిది కాదు. కళ్లెం పట్టుకొని నేల మీద నిలబడినవారిది.